దొంగవస శాస్త్రం

శాస్త్రం రాయబోయేవాడు ముందు నాలుగు సంగతులు తేల్చాలని పెద్దల నియమం. విషయమేమిటి, ప్రయోజనమేమిటి, గ్రంథానికీ విషయానికీ సంబంధమేమిటి, చదవడానికి అధికారి ఎవరు. దీన్ని అనుబంధ చతుష్టయం అన్నారు. అవి తేలకుండా పుస్తకం తెరిస్తే చదివిందంతా వృథా అనీ అన్నారు.

ఈ గ్రంథానికి విషయం: లింగంపల్లిలో, నాలుగో అంతస్తులో, పడమటి బాల్కనీలో ఐరిస్ పువ్వు పూయించుట. ప్రయోజనం: ఇంతవరకు కనబడలేదు. సంబంధం: ఆ బాల్కనీలో బట్టలారేసే తీగ ఉండాలా, కుండీలు ఉండాలా అని మూడేళ్లుగా నాకూ మా ఆవిడకూ నడుస్తున్న వ్యవహారం. అధికారి: ఇంటి అప్పు ఇంకా పదకొండేళ్లు మిగిలి, అందువల్ల శంకరపల్లి వైపు ఫామ్‌హౌసు కొనలేక, తోట మీద మమకారం మాత్రం చావనివాడు. అద్దెకున్నవాళ్లూ చదవొచ్చు గాని గోడకు మేకు కొట్టే సందర్భం వచ్చినప్పుడు కళ్లు మూసుకోవాలి.

ఇక మంగళాచరణం. ఐరిస్ అంటే గ్రీకుల ఇంద్రధనుస్సు దేవత. దేవతల మాటలు ఇక్కడివి అక్కడికీ అక్కడివి ఇక్కడికీ మోయడం ఆవిడ ఉద్యోగం. మా వీధిలో ఎరుపు, నారింజ, పసుపు, ఊదా టీషర్టులు వేసుకుని వానలో కూడా బిర్యానీ మోసుకొచ్చే కుర్రాళ్లలో ఆమెను దర్శించి, దణ్ణం పెట్టి, గ్రంథం మొదలుపెడుతున్నాను.

నామ ప్రకరణం

పేరు లేని మొక్కను తెలుగువాడు పెంచలేడు. పక్కింటివాళ్లు “ఏం మొక్కండీ?” అంటే ఏదో ఒకటి చెప్పాలి కదా. ఐరిస్ అని చెబితే, కంటికేమైంది అని అడుగుతారు. ఆధార్ పుణ్యమా అని ఆ మాట ఇప్పుడు పువ్వుది కాదు, నల్లగుడ్డుది.

అందుచేత ఈ శాస్త్రకర్త తెలుగు పేరు కోసం వెతకగా, అది 1753 నుంచీ లాటిన్‌లో దాక్కుని ఉందని తేలింది. చెరువు గట్ల మీద పూసే పసుపుపచ్చ ఐరిస్‌కు లిన్నేయస్ ఆ ఏడు పెట్టిన పేరు సూడకోరస్. సూడో అంటే దొంగ. అకోరస్ అంటే మన వస. పసిపిల్లలకు మాటలు బాగా రావాలని సానరాయి మీద అరగదీసి, తేనెలో రంగరించి నాలుక్కి రాసే వసకొమ్ము ఆ వసదే. (పిల్లల డాక్టర్లు వద్దంటున్నారు. వాళ్ల మాటే వినండి. నాకు పోశారు, ఫలితం చదువుతున్నారు కదా.) రెంటికీ ఆకు ఒకటే, కత్తిలా నిటారుగా. పువ్వు దగ్గరికొచ్చేసరికి వసది వేలెడంత పచ్చటి కంకి, ఐరిస్‌ది ఆరు రేకుల వైభవం. అయినా చెరువు గట్టున పూత లేనప్పుడు చూస్తే ఎవరైనా మోసపోతారు. కాబట్టి ఐరిస్‌కు తెలుగు: దొంగవస. పేరు పెట్టింది లిన్నేయస్, నేను అనువదించాను, అంతే.

పేరు దొరికాక ఒక విచిత్రం బయటపడింది. తెలుగువాడి బతుకంతా ఈ పువ్వు చుట్టూనే తిరుగుతోంది. తల్లి కడుపులో ఉండగా పాలల్లో కలిపి పంపే కుంకుమపువ్వు ఐరిస్ కుటుంబంలోదే. పుట్టాక నాలుక్కి రాసేది దాని పేరింటి వస. అయిదేళ్లు నిండితే ఆధార్ కేంద్రంలో గడ్డం పట్టి, కన్ను తెరిపించి తీసేది ఐరిస్. ఇరవై రెండో ఏట అమీర్‌పేటలో కోచింగుకు చేరితే మెషీన్ లెర్నింగ్ సారు మొదటి రోజున తెరిచేది ఐరిస్ డేటాసెట్. ఉద్యోగం వచ్చాక చేతిలో పెట్టే గుత్తిలోని గ్లాడియోలస్ మళ్లీ ఐరిస్ కుటుంబమే. ఇన్ని జరిగినా పువ్వును చూసినవాడు లేడు. పెళ్లికి పిలిచి, పందిట్లో కూర్చోబెట్టి, మూడు బంతులు వడ్డించి, చుట్టాలందర్నీ పరిచయం చేసి, పెళ్లికూతుర్ని మాత్రం చూపించకుండా తాంబూలమిచ్చి పంపినట్టుంది. ఆ పెళ్లికూతుర్ని చూడాలన్న పట్టుదల ఈ శాస్త్రానికి మూలం.

ప్రమాణ ప్రకరణం

ఒక వస్తువు ఉందని తెలియడానికి నైయాయికులు నాలుగు దారులు చెప్పారు. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. భాట్ట మీమాంసకులు వీటికి అర్థాపత్తినీ అనుపలబ్ధినీ కలిపారు. అనుపలబ్ధి అంటే వస్తువు కనబడకపోవడమే జ్ఞానానికి ఆధారం కావడం. బల్ల మీద కుండ లేదని ఎలా తెలిసింది? కుండ కనబడలేదు గనుక. లింగంపల్లిలో ఐరిస్ గురించి ఎవరికి ఏం తెలిసినా ఈ ఆరో దారినే తెలిసింది.

ప్రత్యక్షం సంగతి చెప్పేశాను. శబ్దమంటే ఆప్తవాక్యం, నమ్మదగినవాడి మాట. నా విషయంలో ఆప్తుడు ఒక నర్సరీ ఆసామి, కడియం వైపు మనిషి. “ఆయ్, పూసేత్తదండి. మీరేం బెంగెట్టుకోకండి” అన్నాడు. బెంగ పెట్టుకోలేదు. పూయలేదు. మళ్లీ వెళ్తే, “ఎండ ఎక్కువైపోయి ఉంటదండి” అన్నాడు. ఎండ తగ్గించాను. “నీడెక్కువైపోయి ఉంటదండి” అన్నాడు. ఆప్తవాక్యం ఎప్పుడూ అబద్ధం కాదు, మన బాల్కనీ ఎప్పుడూ తప్పే.

ఉపమానం కోసం బీదర్ వెళ్లాలి. మా స్టేషన్లో రైలెక్కి, వికారాబాద్ దగ్గర కుడికి మళ్లితే అదే తీసుకెళ్తుంది. 1620 వసంతంలో జహంగీర్ కాశ్మీరు వెళ్లి అక్కడి పూలకు మురిసి, ఉస్తాద్ మన్సూర్ చేత వందకు పైగా పూల బొమ్మలు వేయించాడు. ఆ మొగలు పూల మోజు కాగితాల మీద నుంచి బట్టల మీదికి, రాతి మీదికి, ఆఖరికి దక్కనుకు దిగివచ్చి బిద్రీ పనివాళ్ల చేతిలో హుక్కా కుదుళ్ల మీద పూసింది. యశదంలో కాస్త రాగి కలిపి పోతపోసి, చెక్కి, గీతల్లో వెండో ఇత్తడో పొదిగి, బీదర్ కోట మట్టితో నల్లబరిచిన కుదుళ్లవి. 17వ శతాబ్దం చివరినాటిది ఒకటి న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది, చుట్టూ ఐరిస్ పూలే. మూడు వందల ఏళ్లుగా వాడలేదు, నీళ్లడగలేదు, పిలకలు వేయలేదు. దక్కను వాతావరణానికి తగిన ఐరిస్ రకం అదొక్కటేనని నా అభిప్రాయం. కాకపోతే అది కూడా వలస వెళ్లిపోయింది, అమెరికాకే.

మిగిలింది అనుమానం. కొండ మీద పొగ కనబడితే నిప్పుందని తెలుసుకోవడం తర్కంలో మొదటి పాఠం. డచ్చి ఐరిస్ పండించే రైతులు దీన్ని ఇంకో మెట్టు ఎక్కించారు. పొగ పట్టిన గడ్డలు ముందుగా పూస్తాయని వాళ్లు కనిపెట్టారు. పొగలో ఉండే ఎథిలీన్ వాయువు చేసే పని అది. అరటిగెల పండేదీ దానితోనే. పొగ ఉన్నచోట పువ్వుంటుందన్నమాట. ఈ వ్యాప్తిని పరీక్షించడానికి ఒక శుక్రవారం సాయంత్రం బాల్కనీలో కుండీలకు సాంబ్రాణి పట్టాను. మా అంతస్తులో ఉన్న మూడిళ్లవాళ్లూ ఏం పూజ అని అడుగుతూ వచ్చారు. మా ఆవిడ అప్పటికప్పుడు రవ్వకేసరి చేసింది. పువ్వు రాలేదు గాని హేతువుకు ఫలం లేదనడానికి వీల్లేదు.

జాతి ప్రకరణం

భూమి మీద ఐరిస్ జాతులు సుమారు 300. అన్నీ ఉత్తరార్ధగోళంలో, చలి తెలిసిన నేలల్లో పుట్టాయి. మన దేశంలో హిమాలయాల దాకా వచ్చి, వింధ్య దాటడానికి అగస్త్యుడు తోడు దొరక్క ఆగిపోయాయి. కాబట్టి లింగంపల్లికి వచ్చేవన్నీ కొరియర్‌లో వస్తాయి.

మొదట గడ్డం ఐరిస్. కింది మూడు రేకులు వాలి ఉంటాయి, పై మూడు లేచి ఉంటాయి, వాలిన రేకుల మీద బొచ్చు గీత ఒకటి గడ్డంలా ఉంటుంది. వాన్ గో 1889లో ఆస్పత్రి తోటలో కూర్చుని వేసినవి ఐరిస్ పూలే. ఆ బొమ్మ 1987లో దాదాపు 5 కోట్ల 39 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. నా దుంపలు జత 450 రూపాయలు. జూన్‌లో కొండ ప్రాంతపు నర్సరీ ఒకటి పంపింది. పొట్లం విప్పి మా ఆవిడ, “పసుపుకొమ్ములెందుకండీ, ఇంట్లో ఉన్నాయిగా” అంది. నిజంగా అలాగే ఉంటాయి. నాటే పద్ధతి మాత్రం పసుపుకు తిరకాసు. పూర్తిగా పూడ్చరాదు. మండువేసవిలో గేదె మడుగులో పడుకున్నట్టు వీపు పైకి తేలి ఉండాలి, ఆ వీపుకు ఎండ తగలాలి. తేల్చాను. తగిలింది. అంతలో జూలై వచ్చింది. పది రోజులు విడవకుండా ముసురు పట్టింది. పదకొండో రోజు దుంపను ముట్టుకుంటే గంజిలా జారింది. మెత్తకుళ్లు అనే ఆ తెగులు గురించి పుస్తకాలు రాస్తాయి గాని దాని వాసన గురించి తగినంత రాయవు. కింది అంతస్తువాళ్లు డ్రైనేజీ పైపు పగిలిందని అసోసియేషన్‌కు ఫిర్యాదు చేశారు. నేనూ ఆ ఫిర్యాదు మీద సంతకం పెట్టాను.

కుళ్లకపోయినా అది పూసేది కాదని తర్వాత తెలిసింది. ఈ జాతికి మొగ్గ కట్టాలంటే కొన్ని వారాల పాటు గట్టి చలి కావాలి. మా వైపు చలి లేదని కాదు. సెంట్రల్ యూనివర్సిటీ చెట్లవల్లో రాళ్లవల్లో గాని డిసెంబరులో నగరంలో అన్నిటికన్నా తక్కువ ఉష్ణోగ్రత తరచు శేరిలింగంపల్లిదే. కొన్నేళ్లు ఒక అంకెలోకీ దిగుతుంది. అయితే అది తెల్లవారుజామున పాలవాడికీ మార్నింగ్ వాక్ పెద్దమనుషులకూ చెందిన చలి. పది గంటలకల్లా స్వెట్టర్ నడుముకు కట్టుకోవాలి. మొక్క తెలివిగలది, మంకీ క్యాప్ చూసి మోసపోదు.

ఇక్కడ మా ఆవిడ పూర్వపక్షం. కాశ్మీరులో ఈ పువ్వును సమాధుల మీద నాటుతారని ఆమెకెవరో చెప్పారు. నిజమే, కాశ్మీరియానా అనే తెల్ల ఐరిస్, ఊదా ఐరిస్ అక్కడి కబరస్థానాల్లో కనబడతాయి. “సమాధుల మీద మొక్క ఇంటికెందుకండీ?” అని ప్రశ్న. సిద్ధాంతం: కుళ్లిపోయిన మొక్కకు వాస్తు లేదు.

ఒక దుంప మాత్రం కుళ్లకుండా ఎండింది. ఇటలీలో ఫ్లోరెన్సు చుట్టుపక్కల కొన్ని జాతుల దుంపలను చెక్కుతీసి ఎండబెట్టి, మూడు నుంచి ఐదేళ్లు నిలవబెడితే వయొలెట్ పూల వాసన పుట్టుకొస్తుంది. అత్తరువాళ్లకు అది బంగారం. యునానీ వైద్యంలో ఇర్సా అనేది కూడా ఐరిస్ వేరే. నా దుంప ఆ జాతి కాదు. అయినా డబ్బాలో పెట్టి, “వస కాదు” అని చీటీ అంటించి, దేవుడి గూట్లో ఉంచాను. మూడో ఏడు నడుస్తోంది. ప్రస్తుతం కర్పూరం వాసన వస్తోంది, పక్కనున్న కర్పూరానిది.

రెండోది డచ్చి ఐరిస్. ఇది దుంప కాదు, గడ్డ. చలి లేని ఊళ్లలో దీన్ని ఫ్రిజ్‌లో పెట్టి శీతాకాలం వచ్చిందని నమ్మించవచ్చని శాస్త్రం. ఆరువారాలు పెట్టాను. దోసెల పిండికీ గోంగూర పచ్చడికీ మధ్య హాలండు దేశం. నాలుగో వారంలో మా అత్తగారు వచ్చారు. వంటింట్లోంచి, “ఈ చిన్నుల్లిపాయలు ఎంతకీ ఒలుపు రావడం లేదేమిటి అల్లుడుగారూ” అన్నారు. ఐరిస్ గడ్డ విషం. నేను వంటింటి దాకా పరిగెత్తిన వేగాన్ని ఈ గ్రంథంలో నమోదు చేయాల్సిన అవసరం లేదు. ఒలవగా మిగిలిన ఐదు నవంబరులో నాటితే ఆకులొచ్చాయి. ఆకులే వచ్చాయి. వాచ్‌మన్ కొరియర్ ఇవ్వడానికొచ్చి, “ఉల్లాకు మంచిగొచ్చింది సార్” అన్నాడు. ఫిబ్రవరి ఎండకు అదీ పోయింది.

మూడోది పేరుకు తగ్గట్టు దొంగవస, పసుపుపచ్చది. దీనికి బురద చాలు, మురికినీళ్లు కూడా పీల్చి శుభ్రం చేస్తుంది. అమెరికాలో కాలవలకు పట్టి వదలడం లేదని వాళ్లు తలలు బాదుకుంటున్నారు. మా చెరువులకు గుర్రపుడెక్క ఒకటి చాలునని నేనే మానుకున్నాను. ఈ శాస్త్రంలో విజయవంతమైన నిర్ణయం ఇదొక్కటి.

నాలుగోది నేను తెచ్చింది కాదు. మా అపార్ట్‌మెంట్ ప్రహరీ పక్కన విసనకర్ర లాంటి ఆకులతో, నారింజ రంగు రేకుల మీద ఎర్రచుక్కలతో పూసే మొక్క ఒకటి ఎప్పటినుంచో ఉంది. ఎవరూ పట్టించుకోరు. దాని పేరు బెలంకాండా చైనెన్సిస్ అని వృక్షశాస్త్రం రెండు శతాబ్దాలు చెప్పింది. 2005లో డీఎన్ఏ చూసి, ఇది అచ్చమైన ఐరిసేనని తేల్చి, ఐరిస్ డొమెస్టికా అన్నారు. మొక్క అంగుళం కదల్లేదు, కులం మారింది. మాకిది కొత్త కాదు. 2007 ఏప్రిల్ 16న శేరిలింగంపల్లి మున్సిపాలిటీని గ్రేటర్ హైదరాబాద్‌లో కలిపారు. రాత్రి ఊళ్లో పడుకున్నవాళ్లం పొద్దున నగరంలో లేచాం. మంచం అదే, దోమలు అవే. ఆ మొక్క మనసు నాకు బాగా అర్థమైంది. తీరా నేను కెమెరా పట్టుకుని దిగేసరికి, బతుకమ్మకు పూలు కావాలని పిల్లలు మొదలంటా కోసుకుపోయారు. డొమెస్టికా అంటే ఇంటిది అని అర్థం. ఏ ఇంటిదో, ఆ మాట మొదట తగిలించిన లిన్నేయస్ చెప్పలేదు.

దత్తాంశ ప్రకరణం

సొంత తోటలో పూయనప్పుడు దత్తాంశమే దిక్కు. మా పై అంతస్తులో ఒక కుర్రాడున్నాడు, డేటా సైంటిస్టు. నా కుండీలు చూసి, “సెటోసానా, వర్సికలరా, వర్జినికానా అంకుల్?” అన్నాడు. నేను ఉలిక్కిపడ్డాను. మూడు జాతుల పేర్లు చెప్పగలిగిన మనిషి లింగంపల్లిలో నాకు అప్పటిదాకా తగల్లేదు. ఎక్కడ చూశావు బాబూ అంటే, “పైథాన్‌లో” అన్నాడు.

ఆ పూలు నిజంగా పూసినవే. ఎడ్గర్ ఆండర్సన్ అనే వృక్షశాస్త్రవేత్త కెనడాలో గాస్పే ద్వీపకల్పపు మైదానాల్లో తిరిగి కొన్ని కోశాడు; సెటోసా, వర్సికలర్ ఒకే బయలులో, ఒకే రోజున కోసినవి. ఒక్కో జాతికి 50 చొప్పున 150 పూలు. ఒక్కో పువ్వుకు నాలుగు కొలతలు, సెంటీమీటర్లలో: రక్షక పత్రం పొడవు, వెడల్పు, ఆకర్షణ పత్రం పొడవు, వెడల్పు. (బళ్లో రక్షక పత్రమంటే మొగ్గకు కాపలా కాసే పచ్చడొప్ప అని చదువుకున్నాం. ఐరిస్‌లో కాపలావాడే కథానాయకుడు. వాలి ఉండే పెద్ద రేకులు ఆయనవే.) రొనాల్డ్ ఫిషర్ అనే గణాంకవేత్త 1936లో ఈ అంకెలు తీసుకుని, కొలతలను బట్టి జాతిని తేల్చే సూత్రం కట్టాడు. సెటోసా మిగతా రెంటితో కలవకుండా ఇట్టే విడిపోతుంది, దాని ఆకర్షణ పత్రాలు సగటున సెంటీమీటరున్నర కూడా ఉండవు. వర్సికలర్, వర్జినికా మాత్రం మేనత్త మేనమామ పిల్లల్లా అంచుల్లో కలిసిపోతాయి. ఫిషర్ వ్యాసం అచ్చయిన పత్రిక పేరు మనుషుల జాతిని మెరుగుపరుస్తామన్న అప్పటి దురాలోచనది. ఆ మరక చూసే, 2020 నుంచి కొందరు పాఠాలకు అంటార్కిటికా పెంగ్విన్ల కొలతలు వాడుతున్నారు. పెంగ్విన్ కూడా మా బాల్కనీలో పెరగదని మనవి.

ఈ దత్తాంశానికి పాఠభేదాలూ ఉన్నాయి. లోకమంతా దించుకునే ప్రతిలో 35వ పువ్వు, 38వ పువ్వు కొలతలు ఫిషర్ మూలంతో సరిపోవు. ఎవరో లేఖకుడు, తాళపత్రాల మీద కాకపోతే కీబోర్డు మీద, తప్పు దించాడు. దాన్నే నమ్ముకుని ఎందరో ఇంటర్వ్యూలు దాటారు. కవిత్రయానికి పరిష్కర్తలున్నట్టు ఆ రెండు పూలకూ ఉన్నారు గాని వాళ్ల మాట ఎవరు వింటారు?

ఇంతకీ లింగంపల్లికీ ఫిషర్‌కూ సంబంధమేమిటంటే, మా రోడ్డు. ట్రిపుల్ ఐటీ నుంచి సెంట్రల్ యూనివర్సిటీ పక్కగా మా ఆలిండ్ ఫ్యాక్టరీ దాకా వచ్చే రోడ్డుకు ప్రొఫెసర్ సి.ఆర్.రావు పేరు పెట్టారు. కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో పుట్టాడు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖల్లో చదివాడు. కేంబ్రిడ్జిలో ఈ ఫిషర్ దగ్గరే పరిశోధన చేసి 1948లో డాక్టరేటు పుచ్చుకున్నాడు. గుంపులు రెండే కాదు, ఎన్ని ఉన్నా కొత్తగా వచ్చినవాడు దేనికి చెందుతాడో తేల్చే పద్ధతిని అదే ఏడు ఆయన విస్తరించి చూపాడు. కాస్త నిదానించి చూస్తే, ఆయన పుట్టిన ఊరు హూవిన హడగలి. కన్నడంలో హూవు అంటే పువ్వు. విజయనగరానికి తుంగభద్ర మీద పూలపడవలు వెళ్లిన ఊరు కనుక ఆ పేరంటారు. 2023లో గణాంకశాస్త్రపు అంతర్జాతీయ బహుమతి అందుకుని, ఆ ఏడు ఆగస్టులోనే 102 ఏళ్ల వయసులో అమెరికాలో పోయాడు. పూల ఊళ్లో పుట్టి, పూలను అంకెల్లో విడదీసినాయన శిష్యుడై, నూట రెండేళ్లు బతికిన మనిషి రోడ్డు మీద నేను రోజూ గంటంపావు ట్రాఫిక్‌లో ఆగి ఉంటాను. ఆలోచించుకోవడానికి వ్యవధి ఇస్తున్నందుకు ఆ రోడ్డుకు రుణపడి ఉన్నాను.

కుర్రాడు తన ల్యాప్‌టాప్‌లో మోడల్ తయారుగా ఉందన్నాడు. “నాలుగు కొలతలు చెప్పండి అంకుల్, జాతి చెప్పేస్తా.” నా దగ్గర పువ్వు లేదు. వంటింట్లో రెండు దొండకాయలు కొలిచి చెప్పాను: 5.9, 2.8, 4.3, 1.3. వర్సికలర్ అని వచ్చింది. “చూశారా!” అన్నాడు. దొండకాయలని చెప్పలేదు. ఉద్యోగం చేసుకునే పిల్లాడు.

చలన ప్రకరణం

ఆఖరి రకం నడిచే ఐరిస్. పేరు నియోమారికా, పుట్టిల్లు బ్రెజిల్, వరసకు ఐరిస్‌కు పినతల్లి కూతురు. బ్రెజిల్ కాబట్టి చలి అక్కర్లేదు, ఎర్రమట్టి, వర్మీ కంపోస్టు, కాస్త నీడ చాలు. విసనకర్రలా విచ్చుకునే గుత్తికి పన్నెండు ఆకులు నిండితే గాని పూయదని, క్రీస్తు శిష్యులు పన్నెండుగురు కనుక అలా అని పాశ్చాత్య తోటమాలుల విశ్వాసం. రోజూ పొద్దున కాఫీ గ్లాసుతో ఆకులు లెక్కపెట్టాను. పదకొండు దగ్గర ఐదు నెలలు ఆగింది. నా ప్రమోషన్‌ను చూసినవాణ్ని, నాకేమీ అనిపించలేదు.

దీని నడక ఇలా ఉంటుంది. ఆకు లాంటి కాడ చివర పువ్వు పూస్తుంది, ఒక్క రోజే ఉంటుంది, పొద్దున విచ్చి సాయంత్రానికి ముడుచుకుంటుంది. ఆ చోటే పిలక పుడుతుంది. పిలక బరువుకు కాడ వంగి ఎక్కడ నేల తగిలితే అక్కడ వేళ్లు దింపుతుంది. అలా మూరెడు మూరెడు చొప్పున నడుస్తుంది. నర్సరీ నుంచి తెచ్చినప్పుడే నా మొక్క కాడకు ఒక పిలక వేలాడుతూ ఉంది. మా బాల్కనీకీ పక్కింటివాళ్ల బాల్కనీకీ మధ్య నడుమెత్తు పిట్టగోడ. దాని మీద కుండీ పెట్టాను, బట్టల తీగకు అడ్డం రాకుండా. పిలక అటు వంగింది. పక్కింటివాళ్ల కొత్తిమీర టబ్బులో కాలు మోపింది. నేను గమనించేసరికి అక్కడ సంసారం పెట్టేసి, నా కుండీలో తల్లి పదకొండు ఆకులతో ఉండగా, అక్కడ పిల్ల పన్నెండు పూర్తి చేసింది.

విత్తు నాది, పొలం వాళ్లది. ఫలం ఎవరిది? ధర్మశాస్త్రాలు దీన్ని ఎప్పుడో తర్కించాయి. గాలికో వరదకో కొట్టుకొచ్చి పరుల పొలంలో మొలిస్తే పంట పొలం గలవాడిదేనని మనువు తేల్చాడు. మనువు మీద నాకు ఉన్న అభ్యంతరాల పట్టికలో ఇదొకటి చేర్చుకున్నాను.

ఒక శనివారం పొద్దున ఏడున్నరకు కుర్రాడు పై నుంచి తొంగిచూసి కేకేశాడు. “అంకుల్! పువ్వు!” స్కేలు కోసం లోపలికి పరుగెత్తాను. పిల్లల జామెట్రీ పెట్టెలో దొరికింది. తిరిగొచ్చి పిట్టగోడ మీంచి చూస్తే కొత్తిమీర ఉంది, కాడ ఉంది, చివర ఏమీ లేదు. పక్కింటావిడ తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

“ఏం పువ్వోనండి అన్నయ్యగారూ, తెల్లరేకులూ మధ్యలో నీలం, ఎంత బావుందో! వెంకటేశ్వరస్వామి పటానికి పెట్టేశాను.”

“ఒక్కసారి కొలుచుకుని ఇచ్చేస్తానమ్మా.”

“దేవుడికి పెట్టిన పువ్వును స్కేలుతో కొలుస్తారా అన్నయ్యగారూ?”

దీనికి ఏ శాస్త్రంలోనూ సమాధానం లేదు. మర్నాడు నిర్మాల్యం తీశాక కబురు చేస్తానంది. మాట నిలబెట్టుకుంది. స్టీలు గిన్నెలో నిన్నటి చామంతుల మధ్య, తడిపి పిండిన రుమాలు కొసలా మెలితిరిగిన నీలపు ముద్ద. అదే, మూడేళ్ల నా తపస్సు. ప్రత్యక్ష ప్రమాణం ఇంత చిన్నదిగా ఉంటుందనుకోలేదు. అగ్గిపుల్లతో రేకులు విప్పి, ఊపిరి బిగబట్టి కొలిచాను. కుర్రాడు అంకెలు కొట్టాడు. ఆఖరి రెండూ 1.4, 0.2.

“సెటోసా అంకుల్! వంద శాతం!”

సెటోసా అలాస్కాలో, సైబీరియా తీరాల్లో పూస్తుంది. నేను కొలతల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. అంతలో కొరియర్ పొట్లంతో వచ్చిన వాచ్‌మన్ పిట్టగోడ మీది కుండీ దగ్గర ఆగాడు. ఆకు ఒకటి వేళ్ల మధ్య నలిపి వాసన చూశాడు.

“ఇది వస గద సార్? మా మనవరాలికి రెండేండ్లు నిండినయ్, ఇంకా మాటలొస్తలెవ్వు. ఒక్క కొమ్మియ్యుండ్రి.”

నేను కుర్రాడి వైపు చూశాను. వాడు స్క్రీన్ వైపు చూశాడు.

“ఆ క్లాసు మోడల్‌లో లేదంకుల్.”